జవాబియ్యని బెల్లు

పొద్దున నాలుగున్నర కాంగనే నాచారంల హన్మయ్య ఇంట్ల వంటగది గోడ రెండుసార్లు మోగేది. స్టవ్వుకు పైన, ఉప్పు డబ్బా పెట్టే అరకు జానెడు మీద, ఏ వైరూ ఏ మేకూ లేని ఉత్త సున్నపు గోడ. తడిబట్ట చుట్టిన సైకిల్ బెల్లు లెక్క టింగ్ టింగ్ అనేది. అది యినంగనే రాములమ్మ చాయ్ గిన్నె పెట్టి, "మీ గార్డు లేసిండు, నువ్వు గూడ లే" అని మొగన్ని లేపేది. హన్మయ్య నిద్రకండ్లతోనే వచ్చి, వేలి కణుపుతోని గోడ మీద రెండు దెబ్బలు కొట్టేటోడు. ఆ రెండు దెబ్బలు ఉప్పల్‌ల కామరాజు ఇంట్ల, బీరువా పక్క గోడల మోగేవి. అప్పటికి గని ఇద్దరికీ తెల్లారినట్టు కాదు.

ఇద్దరిదీ లోకల్ రైలు. హన్మయ్య డ్రైవరు, కామరాజు గార్డు. తొమ్మిది పెట్టెల బండికి ముందు పెట్టెల ఒకడు, చివరి పెట్టెల ఒకడు. మధ్యల వెయ్యి మంది జనం. ఒకని మొకం ఒకనికి కనబడది, మాట యినబడది. ఉన్నదల్లా బెల్లు. గార్డు మీట నొక్కితే డ్రైవరు కాడ మోగుతది. రెండు కొడితే కదులు అని. ఒకటి కొడితే ఆపు అని. మూడు కొడితే నా కాడికి రా, నీతోని పని పడ్డది అని. ఎన్ని యింటే అన్ని తిరిగి కొట్టాలె. దాన్నే జవాబంటరు. జవాబు రాకుంటె కొట్టిన బెల్లు కొట్టనట్టే లెక్క. జవాబిచ్చినంక బండి కదిలితే ఇద్దరూ కదుల్తరు, ఆగితే ఇద్దరూ ఆగుతరు.

లోకల్ బండ్లు మొదలైన రెండో ఏడు, ఒక వానకాలం పొద్దున, ఆ బెల్లు ఇంటికి గూడ వచ్చింది. రాములమ్మ మొదలు పాలు తెచ్చినోడనుకోని తలుపు తీసింది. రెండో దినం గోడను చూసింది. మూడో దినంకెళ్లి చాయ్ పెట్టుడు షురూ చేసింది. మీది పోర్షన్‌ల ఉండే ఇంటి ఓనరు ఉపేందర్ సున్నమేయించేటప్పుడు, "ఆ జాగల మందంగ కొట్టకు, బెల్లు సరిగ యినబడది" అని పెయింటర్‌కు చెప్పిండు. పెయింటర్ సరే అన్నడు. అంతకుమించి దాని గురించి ఎవరూ మాట్లాడలే. మాట్లాడనీకి ఏమున్నది? డ్యూటీ మనిషికి డ్యూటీ ఇంటిదాంక వస్తది.

కామరాజుది సామర్లకోట దిక్కు. నౌకరి కోసమని వచ్చి ఉప్పల్‌ల ఇల్లు కట్టుకున్నడు. పిల్లలు లేరు. భార్య సూర్యకళ ఇంటికాడ జాకెట్లు కుట్టేది. మనిషి నెమ్మది. రూలంటే ప్రాణం. ప్లాట్‌ఫారం మీద ఒక ముసలమ్మ పరుగెత్తుకుంట వస్తున్నదంటే, ఆమె ఎక్కి, పైట సర్దుకొని, గుండె కుదుటపడ్డదాంక బెల్లు కొట్టడు. లేటైందని పైవాళ్లు అడిగితే హన్మయ్య తన మీదేసుకునేటోడు.

ఇద్దరు మాట్లాడుకునేది గూడ తక్కువే. బండి ఆఖరి స్టేషన్‌కు వచ్చినంక ముందుది ఎనకకు, ఎనకది ముందుకు అయితది గద. డ్రైవరు ఆ కొసకు నడవాలె, గార్డు ఈ కొసకు నడవాలె. ప్లాట్‌ఫారం నడిమిట్ల ఇద్దరు ఎదురుపడుతరు. ఆడ ఒక్క మాట, మహా అంటే రెండు. "సూర్యకళ గోంగూర పంపింది, డబ్బా నీ సీటు కింద పెట్టా" అని ఒకరోజు. "మోకాళ్లు గుంజుతున్నయ్ రాజన్నా" అని ఒకరోజు. ఆగితే ముచ్చట తెగదని ఇద్దరికీ ఎరుకే, అందుకే ఆగకపోయేది. ఎన్నేండ్ల మాటలు కలిపినా ఒక పూట ముచ్చటకు సరిపోవు.

గని బెల్లుల ఉన్న సంగతి మాటల్ల యాడుంటది? మొదటి దెబ్బకూ రెండో దెబ్బకూ నడుమ ఉన్న ఎడాన్ని బట్టి హన్మయ్య అన్నీ చెప్పేటోడు. ఎడం పెరిగితే "రాజన్నకు జొరమొచ్చినట్టున్నది" అనేటోడు. గబగబ మోగితే రాములమ్మనే, "ఇయ్యాల సూర్యకళక్కతోని లొల్లి అయినట్టుంది" అని నవ్వేది. హన్మయ్య తల్లి పోయిన పొద్దున ఏం చెయ్యాలో తోచక ఆయన గోడ మీద మూడు కొట్టిండు. పావుగంటల కామరాజు స్కూటర్ వచ్చి గల్మల ఆగింది. ఒక కాలికి తన చెప్పు, ఒక కాలికి భార్య చెప్పు. పాడె పట్టింది, కట్టెలు మోసింది, ఆ మూడు దినాలు చావిట్ల పండుకున్నదీ ఆయనే.

అసొంటి మనిషితోని తెగదెంపులు చేసుకున్నడు హన్మయ్య. మూర్ఖుడా అంటే మూర్ఖుడే.

రాష్ట్రం కోసం సమ్మె చేసిన రోజులవి. ఆఫీసులు బంద్, బడులు బంద్, రోడ్డు మీదికి పోతే ఊరేగింపు. ముందురోజు తార్నాక కాడ జరిగిన తోపులాటల హన్మయ్య అక్క కొడుక్కు నెత్తి పగిలి ఎనిమిది కుట్లు పడ్డయి. హన్మయ్య రాత్రంత దవాఖానల కూసోని, అటునుంచి అటే డ్యూటీకి వచ్చిండు. సికింద్రాబాద్‌ల డ్యూటీ రూంల పదిమంది డ్రైవర్లు, గార్డులు చాయ్ తాగుతున్నరు. కామరాజు పేపర్ మడుస్తూ మామూలుగనే అన్నడు.

"ఎవరికేం వచ్చినా, పోయినా మన బండి మనకి తప్పదు కదా హన్మయ్యా."

ఆ మాటల తప్పేమున్నదో ఇప్పటికీ తెల్వది. హన్మయ్యకు మాత్రం నెత్తికెక్కింది.

"నీకేం అన్నా, నీకు ఊరున్నది. రేపు రాష్ట్రమొస్తే మూట గట్టుకొని పోతవ్. తలకాయలు పగిలేది మావోళ్లయి."

కామరాజు పేపర్ బల్ల మీద పెట్టిండు.

"నేనిక్కడికొచ్చి ఇరవయ్యారేళ్లయింది. ఇప్పుడు వెళ్లమంటే ఎక్కడికెళ్లను హన్మయ్యా? వెళ్తే నీ బండికి బెల్లెవరు కొడతారు?"

"మావోళ్లు లేరా కొట్టనీకి?"

కామరాజు లేసిండు. జెండాలు, విజిల్ ఉన్న తన పెట్టె తీసుకొని చివరి పెట్టె దిక్కు నడిచిండు. ఆ దినం బండి ఒక్క నిమిషం లేటు కాలే. బెల్లు కొట్టుడు, జవాబిచ్చుడు, అన్నీ రూలు ప్రకారం అయినయి.

తెల్లారి నాలుగున్నరకు గోడ మోగింది. హన్మయ్య లేసిండు, మొకం కడుక్కున్నడు, గోడ దిక్కు చెయ్యి చాపలే.

"జవాబియ్యవా?" అన్నది రాములమ్మ.

"బండి మీద ఇస్త. ఇంటికాడ ఎందుకు?"

"పాపం ఆడ చూస్తుంటడు గద."

"చూడనీ."

చూసిండు. ఒక దినం గాదు, రెండు దినాలు గాదు, రెండేండ్ల మీద అయిదు నెలలు చూసిండు కామరాజు. దినాం పొద్దున రెండు కొట్టేటోడు. జవాబు రాకపోయేది. తెల్లారి మల్ల కొట్టేటోడు. బండి మీద జవాబు వస్తది, ఇంటికాడ రాదు. ప్లాట్‌ఫారం నడిమిట్ల ఎదురుపడ్డప్పుడు కామరాజు నడక జర నెమ్మదయ్యేది, హన్మయ్య పట్టాల దిక్కు చూసుకుంట పోయేటోడు. రాములమ్మ పోరీ పోరీ ఊరుకున్నది. హన్మయ్యకు లోపల లేకనా? ఉన్నది. ఒక్కొక్క పొద్దున గోడకాడిదాంక వచ్చి, కణుపు ఆనిచ్చి, మల్ల తీసుకునేటోడు. డ్యూటీ రూంల ఎవరన్నా ఇద్దర్ని కలుపుతరా అని మొదలు చూసిండు. ఎవ్వరు కలపలే. దినాలు గడిచినకొద్దీ ఆ చెయ్యి ఇంక బరువెక్కింది.

బిల్లు పాసైన దినం నాచారమంత పండుగ. పటాకులు, డప్పులు, గులాల్. హన్మయ్య యాభై ఆరేండ్ల మనిషి, గల్లీల పిల్లగాండ్లతోని సమంగ దుంకిండు. ఇంటికొచ్చి గులాల్ అంగీతోనే పండుకున్నడు. తెల్లారి ఆయనకు రెస్ట్. కామరాజుకు గూడ.

ఆ పొద్దున నాలుగున్నరకు గోడ మోగలే. ఐదు ముప్పావుకు మోగింది.

మూడు.

హన్మయ్య మంచం మీద లేసి కూసున్నడు. రాములమ్మ చీపురు పట్టుకొని వంటగదిలకెళ్లి తొంగి చూసింది.

"మూడు మోగినయ్."

"యిన్న."

"రమ్మంటున్నడు."

"ఇయ్యాలనే యాదికొచ్చిన్నా? రాష్ట్రమొచ్చినంక భయం పుట్టినట్టున్నది. దోస్తానా కావాలె ఇగ." ఆ మాట అంటుంటె హన్మయ్య మొకంల ఒక సంతోషం ఉండె. ఎవరు ముందు దిగుతరో అని రెండేండ్లకెళ్లి చూస్తున్న మనిషికి, అవతలోడు దిగొచ్చిండన్న సంతోషం. "చూద్దాం. రేపు డ్యూటీల కలుస్తడు గద, ఆడ మాట్లాడుత."

మల్ల మూడు మోగినయ్. ఈసారి దెబ్బలు నెమ్మదిగ, ఎడం ఎడంగ. ఎడాన్ని బట్టి అన్నీ చెప్పే మనిషి ఆ దినం ఎడాన్ని యినలే. టీవీ పెట్టిండు. టీవీల జనం దుంకుతున్నరు. సౌండు పెంచిండు.

మూడోసారి మోగినప్పుడు రెండే మోగి ఆగిపోయింది. మూడోది మోగిందో లేదో, మోగినా టీవీల కలిసిపోయిందో తెల్వది.

అదే బెల్లు బండి మీద మోగి ఉంటె హన్మయ్య ఏం చేస్తుండెనో ఎవరినన్నా అడుగు. బ్రేకేసి, కిందికి దుంకి, కంకర రాళ్ల మీద తొమ్మిది పెట్టెల పొడుగు ఉరుకుతుండె. ముప్పై ఏండ్ల సర్వీసుల మూడు బెల్లులకు పోకుంట ఉన్నది ఆ ఒక్కసారే.

సూర్యకళ ముందురోజు బోడుప్పల్‌ల చెల్లె ఇంట్ల వ్రతముంటే పోయింది. పొద్దున పదింటికి వచ్చి తలుపు తీస్తే, కామరాజు బీరువా పక్క కింద పడి ఉన్నడు. కుడి పక్క పడిపోయింది. ఎడమ చెయ్యి మాత్రం గోడకు ఆనిచ్చి ఉన్నది, బొటనవేలు గోడ మీద. అంబులెన్స్ మెట్రో పిల్లర్ల కాడ ట్రాఫిక్‌ల ఇరికింది. డాక్టరు చూసి, "తెల్లారగట్లనే తెస్తే మాట ఉంటుండె, కాలు చెయ్యి ఉంటుండె" అన్నడు. ఎవ్వరూ లేకపోతిరి గద, ఏం చేస్తం అన్నడు.

ఆ మాట హన్మయ్య వార్డు బయట నిలబడి యిన్నడు. అప్పటికి ఆయన అంగీ మీద గులాల్ ఇంకా పోలే.

దినాం డ్యూటీ అయినంక దవాఖానకు పోయేటోడు. లోపలికి పోకపోయేది. వరండాల బెంచీ మీద కూసునేటోడు. సూర్యకళ వచ్చి, "లోపలికి రండి అన్నయ్యగారూ, మిమ్మల్ని చూస్తే గుర్తుపడతారేమో" అంటే తల ఊపేటోడు గని లేవకపోయేది. ఆమెకు పాత పంచాయితీ ఎరుకే. అందుకే సిగ్గుపడుతున్నడనుకున్నది. మూడు బెల్లుల సంగతి ఆమెకు తెల్వది. కామరాజుకు మాట లేదు, చెప్పేటందుకు.

నాలుగోనాడు పొద్దున నాచారంల గోడ మల్ల మోగింది. రెండు. పానం లేని మోత, దగ్గర నిలబడితేనే యినబడేటంత. ఐదోనాడు రెండు. ఆరోనాడు రెండు. కదులుదామా అని అడుగుడు అది. యాడికని హన్మయ్య అడిగేటట్టు లేదు. ఎరుకయింది. రాములమ్మకు గూడ ఎరుకయింది.

జవాబు ఇయ్యకుంటె బండి కదలది. కామరాజు మంచం మీద అట్లనే ఉన్నడు. డాక్టర్లు పొద్దుమీకితే కష్టం అనేటోళ్లు, తెల్లారినంక చూసి సరే అనేటోళ్లు. మొదలు రెండేండ్లు హన్మయ్య పంతానికి జవాబియ్యలే. ఇప్పుడు భయానికి ఇస్తలేడు. ఇస్తే మనిషి పోతడు. మనిషి పోతే, చెప్పాల్సింది చెప్పనీకి ఇగ ఎవరు ఉండరు.

"నువ్వు ఇయ్యకు" అన్నది రాములమ్మ. ఆమె భయం వేరే ఉండె. "ఇచ్చినవంటె బండి కదుల్తది. ముందు పెట్టెల ఉన్నది నువ్వే గద. గార్డు ఒక్కడే పోతడా, బండి పోతే ఇద్దరు పోతరు."

అది రూలే. ఆమె తప్పు చెప్తలేదు.

పంతొమ్మిదో దినం పగటీలి సూర్యకళ ఆటోల వచ్చింది. నాచారంల ఆ ఇంటికి ఆమె వచ్చి మూడేండ్లయింది. మనిషి సగమయింది. రాములమ్మ చాప ఏసి, చాయ్ ఇచ్చింది. సూర్యకళ గ్లాసు పట్టుకొని వంటగది గోడ దిక్కు చూసింది.

"మీకు వినపడట్లేదా అన్నయ్యగారూ?"

"యినబడ్తున్నది వదినె."

"వీపంతా పుళ్లు పడ్డాయి. గొట్టంలోంచి గంజి పోస్తున్నారు. రోజూ తెల్లారగట్ల బొటనవేలు దుప్పటి మీద రెండుసార్లు నొక్కుతారు. నొక్కి ఎదురు చూస్తారు. మధ్యాహ్నం దాకా అలా చూస్తూనే ఉంటారు. నేనింక చూడలేనండి." ఆమె ఏడ్వలే. "మీ మధ్య ఏం జరిగిందో మీకు తెలుసు. పగవాడికైనా ఆ ఎదురుచూపు వద్దు. జవాబిచ్చేయండి."

"అక్కా, ఇద్దరిది ఒకటే బండి" అన్నది రాములమ్మ. "నీ మొగుడు కదిలితే నా మొగుడు గూడ కదుల్తడు."

సూర్యకళ తలొంచుకున్నది. "నేనలా ఆలోచించలేదమ్మా" అన్నది. మీది పోర్షన్‌ల ఎవరో రోలు దంచుతున్నరు. సూర్యకళ లేవబోయింది. అప్పుడు హన్మయ్య నోరు తెరిచిండు.

"వదినె, ఆ పొద్దున మూడు మోగినయ్."

ఆమె కూసున్నది.

"మొదలు మూడు. మల్ల మూడు. మల్ల గూడ మోగింది. నేను ఇంట్లనే ఉన్న. నాకు రెస్ట్ ఉండె. పోలే."

"ఎన్నింటికి?"

"ఐదు ముప్పావుకు."

"నేను పదింటికొచ్చాను" అన్నది సూర్యకళ.

చాయ్ గ్లాసు చాప మీద పెట్టింది. ఒక్క గుక్క తాగలే. ఆమె మొకంల కోపం గూడ కనబడలే హన్మయ్యకు. కోపమన్నా కనబడితే బాగుండునని కోరుకున్నడు. తిడితే బాగుండు, అంగీ పట్టుకొని గుంజితే బాగుండు. ఆమె పైట సర్దుకొని తలుపుదాంక నడిచింది. చెప్పులేసుకొని, ఎనకకు తిరగకుండనే అన్నది.

"జవాబివ్వండి. అదైనా ఇవ్వండి."

తెల్లారి చీకటితోనే హన్మయ్య స్నానం చేసి, డ్యూటీకి పోయినట్టు ఇస్త్రీ అంగీ ఏసుకున్నడు. రాములమ్మ అడ్డం పడలే. పొద్దుగూకులు ఏడ్చి ఏడ్చి ఉన్నది, ఇగ కండ్లల నీళ్లు లేవు. ఆయన అంగీ గుండీ ఒకటి పెట్టింది, ఆ చెయ్యి జరసేపు గుండీ మీదనే ఉంచింది. ఆయన పోయినంక వంటగదిల గోడ కింద కూసున్నది.

హన్మయ్య ఆ దినం వార్డు లోపలికి పోయిండు. సూర్యకళ మంచం పక్కన నిలబడి ఉన్నది. ఆయన్ని చూసి జరిగి జాగ ఇచ్చింది, పలకరించలే. కామరాజు కండ్లు సగం తెరిచి ఉన్నయి. ఇన్నేండ్లు ఒకే బండి తోలినరు గని ఇంత దగ్గరకెళ్లి ఆ మొకం చూసుడు హన్మయ్యకు అదే మొదటిసారి. ఎడమ కనుబొమ్మ మీద పాత గాయం మచ్చ ఉన్నది. అది ఎప్పటిదో ఎన్నడూ అడగలే.

"రాజన్నా" అన్నడు. "మూడు యిన్న. రాలే. పంతానికి రాలే."

కామరాజు కండ్లు కదిలినయో లేదో. బొటనవేలు మాత్రం దుప్పటి మీద నొక్కింది. ఒకటి. రెండు.

హన్మయ్య మంచం ఇనుప పట్టీ మీద కణుపుతోని కొట్టిండు. ఒకటి. రెండు.

కదిలింది. కాళ్ల కింద నేల చిన్నగ జర్కిచ్చింది. ఆ జర్కు ఎసొంటిదో ముప్పై ఏండ్లు బండి తోలినోనికి ఎవ్వరూ చెప్పక్కర్లే. కిటికీల చెట్టు ఎనకకు పోయింది. వార్డు తలుపు, సెలైన్ సీసాలు, మంచాలు, మంచాల మీద మనుషులు ఒక్కొక్కరు ఎనకకు జరిగిన్రు. సూర్యకళ ప్లాట్‌ఫారం మీద నిలబడ్డట్టు నిలబడ్డ కాడనే ఉండి, చిన్నగై, కనబడకుండ పోయింది. లాలాపేట్ ఫ్లైఓవర్ పోయింది. నాచారం కంపెనీల పొగ గొట్టాలు పోయినయి. తన ఇంటి డాబా, డాబా మీద రాములమ్మ ఆరేసిన చీర పోయినయి. హన్మయ్యకు రొమ్ముల బరువంత దిగిపోయింది. పోనీ అనుకున్నడు. రాజన్న ఎనక ఉన్నడు గద, పోనీ. జర స్పీడు గూడ పెంచిండు.

అప్పుడు ఆయన మణికట్టు మీద ఒక వేలు నొక్కింది. ఒక్కసారి.

ఒకటి అంటే ఆపు అని. చెయ్యి దానంతట అదే బ్రేకేసింది. నాచారంల గోడ కింద కూసున్న రాములమ్మకు గూడ యినబడ్డది. ఒక్కటే మోగింది. రెండోది మోగుతదేమోనని కొంగు నోట్ల కుక్కుకొని చూసింది. మోగలే.

హన్మయ్య కండ్లు తెరిచేసరికి వార్డు వార్డు లెక్కనే ఉన్నది. ఆయన మణికట్టు మీద కామరాజు చెయ్యి ఉన్నది, దాంట్ల పానం లేదు. బండి ఆపి, డ్రైవర్ని బండ్లనే ఉంచి, గార్డు ఒక్కడే దిగిపోయిండు. సూర్యకళ ఆ చెయ్యిని మెల్లగ తీసి, కామరాజు పొట్ట మీద పెట్టింది.

హన్మయ్య మాత్రం అక్కడ్నే ఆగిపోయిండు. ఒకటి మోగినంక రెండు మోగందే కదలొద్దు. గార్డు లేడు, రెండు కొట్టేటోడు ఎవడు? స్టూల్ మీదకెళ్లి లేవలే. దహనానికి పోలే. నలుగురు పట్టి ఆటోల ఏసుకొచ్చి ఇంట్ల దించిన్రు. ఉపేందర్ మోసుకొచ్చి వంటగది గోడకు ఆనిచ్చి కూసోబెట్టిండు. రైల్వే డాక్టర్లు వచ్చి చూసి, నాడి మంచిగున్నది, బీపీ మంచిగున్నది అన్నరు. రాములమ్మ బువ్వ కలిపి నోట్ల పెడితే మింగుతడు. మాట లేదు. కాలు కదలది. రావాల్సిన రెండు బెల్లుల కోసం చెవి మాత్రం గోడకే ఉంటది.

డ్యూటీ రూమోళ్లు వచ్చిన్రు. ఒక కొత్త గార్డు పాపం మంచోడే, "నేను కొట్టి చూడనా కాకా" అని గోడ మీద రెండు కొట్టిండు. గోడ చప్పుడయింది గని మోగలే. ఉప్పల్‌కెళ్లి వచ్చేదే బెల్లు.

రాష్ట్రం వచ్చిన దినం గల్లీ మొత్తం పటాకులు కాల్చిన్రు. డప్పులు ఇంటి ముంగట ఆగి, హన్మయ్యన్న రాడా అని అడిగి, ముంగటికి పోయినయి. రాములమ్మ తలుపు పెట్టుకున్నది. ఆ తెల్లారి చీర మార్చుకొని ఉప్పల్‌కు ఆటో ఎక్కింది.

సూర్యకళ ఇంట్ల మిషన్ మూటగట్టి ఉన్నది. ఇల్లు అమ్మినంక బోడుప్పల్‌ల చెల్లె కాడికి పోయేటట్టున్నది. బీరువా జరిపి, ఆ గోడ ముంగట ఉత్త జాగ మిగిలింది.

"నీ మొగుడు ఒకటి కొట్టి దిగిండు అక్కా" అన్నది రాములమ్మ. "నావాడు అక్కడ్నే ఆగిండు. నువ్వు కొడితే మోగుతదేమో."

సూర్యకళ బట్టలు మడతపెడుతనే ఉన్నది. చేతుల కామరాజు డ్యూటీ అంగీ, తెల్లది.

"నేనెప్పుడూ దాన్ని ముట్టుకోలేదమ్మా."

"ఒక్కసారి ముట్టుకో."

"మూడుకి కదలని మనిషి కదా రాములమ్మగారూ. ఉండనీండి" అన్నది సూర్యకళ. "నాలుగు గంటలు ఆయన అక్కడ పడున్నారు. ఈయన్నీ ఉండనీండి."

రాములమ్మ లేసి చెప్పులేసుకున్నది. తను ఆమె జాగల ఉంటె ఇంకో మాట ఎక్కువనే అంటుండె. ఇంటికొచ్చి హన్మయ్యకు బువ్వ పెట్టింది. యాడికి పోయొచ్చిందో చెప్పలే.

వానలు పడ్డయి. ఒకనాడు పొద్దుమీకంగ, నాచారం కంపెనీల షిఫ్టు సైరన్ అయినంక, రాములమ్మ చాట పట్టుకొని బియ్యంల రాళ్లు ఏరుతున్నది. గోడ మోగింది.

ఒకటి.

కామరాజు మోత గాదు అది. ఎన్నడూ నొక్కనోళ్లు నొక్కినట్టు, మొద్దుగ, పొడుగ్గ మోగింది. రాములమ్మ చేతుల చాట ఆగింది. హన్మయ్య ఎన్ను నిటారయింది. ఒకటంటే ఆగుమనే. ఇంక ఆగుమనే చెప్పుతున్నదా? వంటగదిల గడియారం టకటక కొట్టుకుంటున్నది. అవతల ఆమె వేలు గోడ మీదనే ఉన్నట్టు, తీయాల్నా నొక్కాల్నా అని చూస్తున్నట్టు ఇద్దరికీ తెలుస్తనే ఉన్నది. ఎంతసేపని చెప్పాలె, ఒక బండి రెండు స్టేషన్లు దాటేటంతసేపు.

రెండోది మోగింది.

ఇద్దరు మూడోదాని కోసం చూసిన్రు. మూడోది మోగితే ఆమె కాడికి పొమ్మని. హన్మయ్య పోతుండె, పోయి ఆమె కాళ్ల మీద పడుతుండె. మోగలే. నా కాడికి రాకు, నీ మొకం నాకు చూపియ్యకు, గని కదులు. అంతే చెప్పింది సూర్యకళ.

హన్మయ్య చెయ్యి లేపిండు. నాలుగు నెలలు లేవని చెయ్యి అది. గోడ మీద కణుపుతోని ఒకటి కొట్టిండు, ఊపిరి తీసుకొని రెండోది కొట్టిండు. ఉప్పల్‌ల అది మోగిందో లేదో, మోగినప్పుడు ఆమె ఆడ ఉన్నదో లేదో తెల్వది. స్టవ్వు గట్టు పట్టుకొని మెల్లగ లేసి నిలబడ్డడు.

"నా చెప్పులు ఏడున్నయే?" అని రాములమ్మను అడిగిండు.